స్త్రీవాదం చీలిందనే వాదం చెల్లదు

తెలుగు స్త్రీవాదం గురించి ఒక అభిప్రాయం చాలాకాలంగా చలామణిలో ఉంది. అది పడమటి దేశాల నుంచి దిగుమతి అయిందనీ, 1980లలో చదువుకున్న పట్టణ స్త్రీలు దాన్ని కవిత్వంలోకి తెచ్చారనీ, పదేళ్లు తిరక్కముందే దళిత, బహుజన, ముస్లిం రచయిత్రులు వేరు కుంపటి పెట్టడంతో అది చీలి నీరసించిందనీ ఆ అభిప్రాయం సారాంశం. దీనికి దన్నుగా ఆఫ్రికా రచయిత్రులను సాక్ష్యానికి పిలవడం కూడా మామూలే. నల్లజాతి రచయిత్రులే స్త్రీవాదం తమకు సరిపడదన్నప్పుడు తెలుగు స్త్రీలకు అదెందుకని అడుగుతారు.

ఈ అభిప్రాయం ఎంత లోతుగా పాతుకుపోయిందో హైదరాబాద్‌లోని ముషీరాబాద్ పరిసరాల్లోనే చూడవచ్చు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోనూ అశోక్‌నగర్ హాస్టల్ గదుల్లోనూ పోటీ పరీక్షలకు చదువుకునే యువతీయువకులు సాహిత్య చరిత్రను నోట్సుల్లో బట్టీ పడతారు. ఆ నోట్సుల్లో అభ్యుదయం, విప్లవం, స్త్రీవాదం, దళితవాదం, ముస్లింవాదం ఒకదాని కింద ఒకటి వరసగా ఉంటాయి. ఒకటి అయిపోయాక మరొకటి పుట్టిందన్న భావన ఆ వరసలోనే ఉంది. స్త్రీవాదం గడిలో ఉన్నవాళ్లకు కులం ఉండదు. దళితవాదం గడిలో ఉన్నవాళ్లు దాదాపు అందరూ మగవాళ్లే. దళిత స్త్రీ ఏ గడిలోకి వస్తుందో ఆ పట్టిక చెప్పదు. మార్కుల కోసం చేసుకున్న సౌకర్యం కాస్తా చరిత్రగా చెలామణి అవుతోంది.

ఈ అభిప్రాయంలో మూడు వాదనలు ముడిపడి ఉన్నాయి. స్త్రీవాదం పరాయిదన్నది మొదటిది. ఆఫ్రికా రచయిత్రులు దాన్ని తిరస్కరించారన్నది రెండోది. భేదాభిప్రాయాల వల్ల అది చీలిపోయిందన్నది మూడోది. ఈ మూడింటిలో ఏదీ సాక్ష్యాల ముందు నిలవదు.

పరాయిదనే వాదన

భండారు అచ్చమాంబ 1874లో పుట్టి 1905లో చనిపోయింది. బడికి వెళ్లలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు సాయంతో ఇంట్లోనే చదువుకుంది. 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' ప్రకటించింది. స్త్రీలు బలహీనులు, బుద్ధి తక్కువవారు అనే నిందను పటాపంచలు చెయ్యడానికే ఆమె దేశంలోని స్త్రీల జీవితాలను ఏరి కూర్చింది. స్త్రీల చరిత్రను స్త్రీయే వెతికి రాయడం అనే పని పడమటి విశ్వవిద్యాలయాల్లో ఒక శాస్త్రంగా స్థిరపడింది 1970లలో. అచ్చమాంబ ఆ పని అంతకు ఏడు దశాబ్దాల ముందే చేసింది. 1902లో మచిలీపట్నంలో ఆమె స్త్రీ సమాజం కూడా స్థాపించింది. ఆమె తర్వాత తెలుగులో స్త్రీల పత్రికలు, స్త్రీల సభలు ఆగలేదు.

నిజాం రాష్ట్రంలోనూ ఇదే జరిగింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. దానితోపాటే జరిగిన మహిళా సభకు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షత వహించింది. అంతకు రెండేళ్ల ముందు, 1928లో, మాడపాటి హనుమంతరావు చొరవతో హైదరాబాద్‌లో తెలుగు మాధ్యమంలో ఆడపిల్లల బడి మొదలైంది. నారాయణగూడలో ఇప్పటికీ ఆయన పేరుతో ఉన్నది ఆ బడే. రాజ్యం నడిపే ఉన్నత విద్య ఉర్దూలో ఉన్న రోజుల్లో ఆడపిల్లకు తన భాషలో చదువు కావాలని పట్టుబట్టడం రెండు అధికారాలను ఒకేసారి ప్రశ్నించడమే. ఆ కోరిక ఏ విదేశీ గ్రంథం నుంచీ రాలేదు. పిల్లను బడికి పంపాలనుకున్న ఇంట్లోనే పుట్టింది.

స్త్రీవాదమనే పేరు 1980లలో వాడుకలోకి వచ్చిన మాట నిజం. దానితోపాటు విదేశీ పుస్తకాల చదువూ వచ్చింది. అందువల్ల విషయమే పరాయిది అయిపోదు. మార్క్సిజం జర్మనీలో పుట్టిందని తెలంగాణ సాయుధ పోరాటాన్ని జర్మనీ పోరాటమని ఎవరూ అనలేదు. పార్లమెంటు, పత్రిక, నవల, కార్మిక సంఘం ఏవీ ఇక్కడ పుట్టినవి కావు. వాటన్నిటికీ లేని జన్మస్థల విచారణ స్త్రీల మాటకు మాత్రమే ఎదురవుతోంది. అది ఏ ఊరి నుంచి వచ్చిందని అడగడం అది ఏం చెబుతోందో వినకుండా తప్పించుకునే మార్గం.

ఆఫ్రికాలోనూ ఇదే కథ. 1929లో నైజీరియా తూర్పు ప్రాంతంలో, స్త్రీల మీద కూడా పన్ను వేస్తారన్న భయంతో వేలమంది ఇగ్బో, ఇబిబియో స్త్రీలు బ్రిటిష్ వలస ప్రభుత్వం మీద తిరగబడ్డారు. కాల్పుల్లో యాభైమంది దాకా స్త్రీలు చనిపోయారు. 1940ల చివర్లో అబెయొకుటా పట్టణంలో ఫున్మిలాయో రాన్సమ్ కూటి నాయకత్వాన సంతల్లో అమ్ముకునే స్త్రీలు, చదువుకున్న స్త్రీలు ఒకే సంఘంగా కూడి పన్నులకు ఎదురు నిలిచారు. 1949లో అక్కడి రాజు గద్దె దిగాల్సి వచ్చింది. ఈ స్త్రీలలో ఎక్కువమందికి చదువు రాదు. ఏ సిద్ధాంతమూ ఓడెక్కి వచ్చి వాళ్లను నడిపించలేదు.

ఆఫ్రికా రచయిత్రుల సాక్ష్యం

ఆఫ్రికా రచయిత్రులు స్త్రీవాదాన్ని తిరస్కరించారని చెప్పేవాళ్లు సాధారణంగా బూచి ఎమెచెటా పేరు ఎత్తుతారు. 1986లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఆఫ్రికా రచయితల సభలో ఆమె తనను ఇంగ్లీషులో పెద్దక్షరంతో కాకుండా చిన్నక్షరంతో రాసే స్త్రీవాదిగా మాత్రమే ఒప్పుకుంటానని చెప్పింది. ఇక్కడితో ఆపేస్తే అది తిరస్కారంలాగే కనిపిస్తుంది. కానీ ఆ మాట అన్న మనిషి జీవితం వేరే సంగతి చెబుతుంది. నైజీరియాలో పుట్టి, చిన్న వయసులోనే భర్త వెంట లండన్ చేరింది. ఆమె రాసిన మొదటి నవల రాతప్రతిని భర్త తగలబెట్టాడు. ఇరవై రెండేళ్ల వయసులో అయిదుగురు పిల్లలతో ఆ ఇల్లు విడిచి, పని చేసుకుంటూ, చదువుకుంటూ మళ్లీ రాసింది. 1979లో వచ్చిన 'ది జాయ్స్ ఆఫ్ మదర్‌హుడ్' నవలలో ను ఎగో అనే తల్లి కొడుకుల కోసం ఒళ్లు హూనం చేసుకుని, చివరికి దారి పక్కన ఒంటరిగా చనిపోతుంది. తల్లితనాన్ని కీర్తించి తల్లిని గాలికి వదిలేసే సమాజాన్ని ఇంత కటువుగా నిలదీసిన నవలలు ఏ ఖండంలోనూ ఎక్కువ లేవు. ఈ రచయిత్రిని స్త్రీవాద వ్యతిరేకిగా చూపించేవాళ్లు ఆమె పుస్తకాలు తెరిచి ఉండరు. ఆమె వద్దన్నది తెల్ల స్త్రీ అనుభవమే లోకంలోని స్త్రీలందరి అనుభవమనే పెత్తనాన్ని. స్త్రీకి చదువు, సంపాదన, తన బతుకు మీద తన నిర్ణయం ఉండాలన్న కోరికను ఆమె ఏనాడూ వదులుకోలేదు.

తక్కినవాళ్లు ఎంచుకున్న పేర్లూ ఇదే చెబుతాయి. నైజీరియా విమర్శకురాలు చిక్వెన్యె ఒకొంజో ఒగున్యెమి 1985లో ఉమనిజం అనే దృక్పథాన్ని ముందుకు తెచ్చింది. లింగభేదంతోపాటు జాతి, సంస్కృతి, ఆర్థిక స్థితి లెక్కలోకి రాకపోతే నల్ల స్త్రీ బతుకు అర్థం కాదన్నది ఆమె వాదం. మొలారా ఒగుండిపె లెస్లీ ఆఫ్రికా స్త్రీ వీపు మీద ఆరు కొండలున్నాయని చెప్పింది. అవి వలస పాలన, సంప్రదాయం, వెనకబాటుతనం, పురుషుడు, జాతి వివక్ష, వీటన్నిటినీ లోపలికి ఇంకించుకున్న ఆమె మనసు. ఈ వరసలో పురుషుడు నాలుగో కొండ. మగవాడి పెత్తనాన్ని ఆమె తగ్గించి చూపలేదు, దాని పక్కన నిలబడి ఉన్న మిగతా బరువులనూ లెక్కపెట్టింది. 1994లో ఆమె స్త్రీలను కలుపుకొన్న సామాజిక పరివర్తన పేరుతో స్తివానిజాన్ని ప్రతిపాదించింది. కేథరిన్ అచొలొను తల్లితనాన్ని కేంద్రంగా తీసుకుంది. ఒబియోమా న్నెమెకా సంప్రదింపులతో, ఇచ్చిపుచ్చుకోవడంతో సాగే స్త్రీవాదాన్ని సమర్థించింది. ఘనా రచయిత్రి అమా అటా ఐదూ మాత్రం స్త్రీవాదమనే పేరునే నిలబెట్టుకుంది. ఆఫ్రికా భూమి, సంపద ఆఫ్రికా ప్రజల చేతుల్లో ఉండాలని కోరే ప్రతి స్త్రీ, ప్రతి పురుషుడు స్త్రీవాది కావాలని వాదించింది. తరవాతి తరంలో చిమమాండ ఎన్‌గోజి అడిచీ 2012లో చేసిన ప్రసంగంలో అదే పేరును దాచుకోకుండా చెప్పింది.

వీళ్లలో ఒకరితో ఒకరికి పడని సంగతులు చాలా ఉన్నాయి. తల్లితనం గురించి ఎమెచెటా, అచొలొను ఇద్దరూ ఎదురెదురు కొసల్లో నిలబడతారు. అయినా స్త్రీ ఇప్పుడున్న స్థితిలోనే ఉండాలని వీళ్లలో ఒక్కరూ అనలేదు. వాళ్ల తగాదా దారి గురించి. దాన్ని గమ్యం గురించిన తగాదాగా చూపడం వక్రీకరణ.

భేదం ఒకే పుస్తకంలో ఎలా ఇముడుతుందో చూడాలంటే సెనెగల్ రచయిత్రి మరియామా బా 1979లో ఫ్రెంచిలో రాసిన 'సో లాంగ్ ఎ లెటర్' నవల చదవాలి. 1980లో నోమా పురస్కారం మొట్టమొదట పొందింది ఈ నవలే. భర్త చనిపోయి, ఇద్దత్ అనే వితంతు గడువులో ఉన్న రమతులాయ్ తన స్నేహితురాలు ఐసతుకు రాసే ఉత్తరమే ఈ నవల. ఇద్దరి భర్తలూ రెండో పెళ్లి చేసుకున్నవాళ్లే. రమతులాయ్ భర్త తన కూతురి స్నేహితురాలినే పెళ్లాడాడు. ఐసతు విడాకులు తీసుకుని, కొడుకులతో ఇల్లు వదిలి, చదువుకుని, అమెరికాలోని తమ దేశ రాయబార కార్యాలయంలో ఉద్యోగానికి చేరింది. రమతులాయ్ భర్త ఇంటి పేరు వదల్లేదు, పిల్లలతో అక్కడే ఉండిపోయింది. కానీ భర్త అన్న వచ్చి తనను పెళ్లాడతానన్నప్పుడు మొహం మీదే కాదంది. వెళ్లిపోయినామె పిరికిదని గానీ, ఉండిపోయినామె బానిస అని గానీ నవల తీర్పు చెప్పదు. ఇద్దరి స్నేహం చెక్కుచెదరలేదు.

తెలుగు పాఠకులు ప్రత్యేకంగా గమనించాల్సింది మరొకటుంది. ఐసతు కంసాలి కులంలో పుట్టింది. ఆమె అత్త రాచవంశపు మనిషి. కంసాలి పిల్ల కోడలై రావడాన్ని సహించలేక ఆ అత్తే పట్టుబట్టి కొడుకుకు తమ వంశపు పిల్లనిచ్చి రెండో పెళ్లి చేయించింది. ఐసతును ఇంట్లోంచి వెళ్లగొట్టింది మగవాడి పెత్తనం ఒక్కటే కాదు, దానితో చేతులు కలిపిన కులం. ఇద్దరు స్నేహితురాళ్ల నిర్ణయాలు వేరు కావడానికి వాళ్ల పుట్టుక వేరు కావడం కూడా ఒక కారణం. తెలుగులో కులం మాట ఎత్తి స్త్రీవాదాన్ని పాడుచేశారని నిందించేవాళ్లకు డాకార్‌లోని ఈ ఇల్లే జవాబు చెబుతుంది.

పైట, కొంగు

ఇక చీలిక వాదన. ఒకప్పుడు తెలుగులో అందరికీ ఆమోదయోగ్యమైన ఒకే స్త్రీవాదం ఉండేదని, తరవాత అది ముక్కలైందని ఈ వాదన అనుకుంటుంది. అలాంటి కాలం ఏదీ లేదు. ఓల్గా 1987లో 'స్వేచ్ఛ' నవల ప్రచురించిన ఆ రోజుల్లోనే రంగనాయకమ్మ మార్క్సిస్టు దృష్టితో స్త్రీవాదాన్ని విమర్శించింది. 'వంటిల్లు' కవిత రాసిన విమల విప్లవోద్యమం నుంచి వచ్చింది. 1993లో వచ్చిన 'నీలి మేఘాలు' సంకలనంలోని కవయిత్రులు కూడా ఒకే రాజకీయం ఉన్నవాళ్లు కారు. 1978లో హైదరాబాద్‌లో ఏర్పడిన స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' ప్రచురించింది. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్లో ఆ పోరాటం లోపలి వెలితిని వినిపించిన పుస్తకమది. ఉద్యమాన్ని గౌరవిస్తూనే నిలదీయడం తెలుగు స్త్రీవాదం పుట్టుకతో నేర్చుకున్నదే.

దళిత స్త్రీలు 1990లలో స్త్రీవాదం నుంచి చీలివచ్చారన్న లెక్క కూడా తప్పే. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన 'నల్లపొద్దు' దళిత స్త్రీల సాహిత్యాన్ని 1921 నుంచి 2002 దాకా కూర్చింది. 1921లో మొదలైన ధార 1980ల నాటి ఒక ఉద్యమం నుంచి చీలిన పాయ కావడం అసాధ్యం. అది ముందునుంచీ ఉంది, కాకపోతే అచ్చులోకి, పాఠాల్లోకి రానివ్వలేదు. ఆ సంకలనం కూర్చిన శ్యామల 1985లో స్త్రీవాదులు స్థాపించిన అన్వేషి పరిశోధన కేంద్రంలో పనిచేసింది. వేరు కుంపటి అన్న మాట ఇక్కడే తేలిపోతుంది. విమర్శ ఆ ఇంట్లోనే పుట్టింది, ఆ ఇంటినే పెద్దది చేసింది.

తేడా ఎక్కడుందో రెండు కవితలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. జయప్రభ కవిత పైటను తగలెయ్యమంటుంది. ఆడపిల్ల ఒంటి మీద సిగ్గును, భయాన్ని మోపి కాపలా కాసే గుడ్డగా ఆమెకు పైట కనిపించింది. ఆ కోపం న్యాయమైనది. జూపాక సుభద్ర కవితలో అదే గుడ్డ కొంగు. పొలంలో పనిచేసే మాదిగ స్త్రీకి అది గుండెల మీద కాపలాదారు కాదు. చెమట తుడుచుకునేది అదే, మూట కట్టుకునేది అదే, అలసినప్పుడు ఆసరా అదే. ఒళ్లంతా కప్పుకునే తీరిక, కప్పుకొమ్మని అదిలించే పరువు ఆమెకు ఎన్నడూ లేవు. ఆమె ఒంటి మీద దౌర్జన్యం వేరే దారిలో, భూస్వామి రూపంలో, కులం రూపంలో వస్తుంది. ఈ రెండు కవితల్లో ఏ ఒక్కదాన్ని తీసేసినా తెలుగు స్త్రీ బతుకులో సగం కనిపించకుండా పోతుంది. రెండో కవిత మొదటిదాన్ని రద్దు చెయ్యదు, అది అందరి మాటా కాదని గుర్తు చేస్తుంది.

1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో జరిగింది కూడా ఈ తేడాను చూపిస్తుంది. మాదిగలు తాగే నీళ్ల చెరువును పాడుచేస్తుంటే మున్నంగి సువార్త అడ్డుపడింది, కొట్టబోతే బిందె ఎత్తింది. మర్నాడు జరిగిన దాడిలో ఆరుగురు దళితులు హతమయ్యారు. మాదిగవాడలోని ఆడవాళ్ల మీద అత్యాచారాలు జరిగాయి. ఒక దళిత స్త్రీ తాగునీటి కోసం చేసిన ప్రతిఘటనతో ఆంధ్రదేశంలో దళిత ఉద్యమం మలుపు తిరిగింది. అయినా పాఠాల్లో కారంచేడు దళిత ఉద్యమ అధ్యాయంలోనే ఉంటుంది, స్త్రీల పోరాటాల అధ్యాయంలో ఉండదు. పరీక్షల నోట్సుల్లోని పట్టిక లోపం ఇదే.

దళిత రచయిత్రుల విమర్శను స్త్రీవాదుల మీదికి విసిరే మగ విమర్శకులు దాని రెండో అంచును దాచేస్తారు. చల్లపల్లి స్వరూపరాణి 'మంకెనపువ్వు' కవితల్లో బయట కులం పెత్తనమూ ఉంది, ఇంట్లో మగవాడి పెత్తనమూ ఉంది. జాజుల గౌరి 'మన్నుబువ్వ' కథల్లో వాడ బతుకు ఆడపిల్ల కళ్లతో కనిపిస్తుంది. శ్యామల 2011లో రాసిన సదాలక్ష్మి జీవితకథలో, సఫాయి కులంలో పుట్టి శాసనసభ ఉపసభాపతిగా, మంత్రిగా ఎదిగిన నాయకురాలు బయటి అగ్రకులాలతోనూ సొంత శిబిరంలోని మగవాళ్లతోనూ ఏకకాలంలో తలపడుతుంది. ఈ పుస్తకాలు మగవాళ్లకు ఊరటనిచ్చేవి కావు.

ముస్లిం స్త్రీల రచనల విషయంలోనూ ఇదే జరుగుతోంది. షాజహానా 2005లో 'నఖాబ్' కవితలు ప్రచురించింది. ఇంట్లో కట్టడిని ప్రశ్నించగానే చప్పట్లు కొట్టి తమవైపు లాక్కునే పరాయి మతవాదులు ఒకవైపు, బయటి అనుమానాలను ప్రశ్నించగానే ఇంటి సంగతులు మాట్లాడవద్దనే సొంత మతపెద్దలు మరోవైపు ఉన్న చోట ముస్లిం రచయిత్రి రాయాలి. మిగతా స్త్రీలకు లేని ఈ ఇరకాటాన్ని చెప్పడానికి వేరే గొంతు అవసరమైంది. రమతులాయ్ ఇద్దత్ గదిలో కూర్చుని రాసిన ఉత్తరానికి దగ్గరి చుట్టరికం ఉన్న గొంతు ఇది.

ఐక్యత ఎక్కడ దెబ్బతింది

కులం, మతం అంటూ పోతే స్త్రీలుగా ఉమ్మడి పోరాటం ఏమవుతుందన్నది ఈ చర్చలో తీసిపారెయ్యరాని ప్రశ్న. చరిత్రే దీనికి సమాధానం చెప్పింది.

1978 మార్చిలో నారాయణగూడకు కూతవేటు దూరంలోని నల్లకుంట పోలీసు స్టేషన్‌లో రమీజాబీ మీద అత్యాచారం జరిగింది. రిక్షా తొక్కే ఆమె భర్త అహ్మద్ హుసేన్ పోలీసు దెబ్బలకు చనిపోయాడు. నగరం అట్టుడికింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కానీ విచారణ పొడుగునా ఆమె పెళ్లి చెల్లదనీ, ఆమె నడత మంచిది కాదనీ నిరూపించే ప్రయత్నం సాగింది. కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది, నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. ఆమె స్త్రీ కాబట్టి మాత్రమే ఇది జరిగిందంటే చాలదు. పేద కావడం, ముస్లిం కావడం, రాత్రివేళ వీధిలో నడవడం అన్నీ కలిసి ఆమెను న్యాయానికి దూరం చేశాయి. హైదరాబాద్ స్త్రీల ఉద్యమానికి ఊపునిచ్చిన ఘటనల్లో ఇది ఒకటి. అంటే ఈ ఉద్యమం మొదటి రోజుల్లోనే కులమతవర్గాల ప్రశ్న దాని వాకిట్లో ఉంది.

ఒకే గొంతు ఎంత హాని చేస్తుందో 1990 చూపించింది. మండల్ సిఫారసులకు వ్యతిరేకంగా అగ్రకుల విద్యార్థినులు రోడ్ల మీదికి వచ్చి, ఉద్యోగం లేని భర్తలు తమకు వద్దని రాసిన అట్టలు పట్టుకున్నారు. స్త్రీలు వీధికెక్కారని సంబరపడినవాళ్లున్నారు. ఆ అట్టల్లో వెనకబడిన కులాల స్త్రీకి చోటులేదు. ఆ కులాల మగవాళ్లు వరులుగా కూడా లెక్కలో లేరు. సూసీ తారు, తేజస్విని నిరంజన ఈ ఘట్టాన్ని, 1991లో చుండూరులో జరిగిన దళితుల హత్యాకాండను, సారా వ్యతిరేక ఉద్యమాన్ని కలిపి పరిశీలించి, స్త్రీ అనే కులంలేని రూపం వెనక అగ్రకులం దాక్కుంటుందని చూపించారు. స్త్రీలందరూ ఒక్కటే అనే మాట ఎవరికి లాభమో ఆ రోజుల్లో బయటపడింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం దీనికి ఎదురు ఉదాహరణ. కూలి పనులు చేసుకునే దళిత, వెనకబడిన కులాల స్త్రీలు సారా దుకాణాలు మూయించారు. నగరంలోని స్త్రీల సంఘాలు వాళ్ల వెనక నడిచాయి. 1993 అక్టోబరులో సారా, 1995 జనవరిలో మద్యం మొత్తం నిషేధమయ్యాయి. దూబగుంట స్త్రీలు తమను స్త్రీవాదులని చెప్పుకోలేదు, ఎవరూ చెప్పుకోమని అడగలేదు. ఎవరి చోట వాళ్లు నిలబడి ఒకే పనికి పూనుకున్నారు. నాయకత్వం ఎక్కువ నష్టపోయినవాళ్ల చేతిలో ఉన్నప్పుడు ఐక్యత దానంతటదే కుదిరింది. భేదాలు చెప్పుకోవడం వల్ల ఐక్యత చెడిన దాఖలా లేదు. భేదాలు దాచినప్పుడే అది చెడింది.

చరిత్రను ఎలా చెప్పాలి

ఈ సాక్ష్యాలను బట్టి తెలుగు స్త్రీవాద చరిత్ర చెప్పే పద్ధతి మారాలి. అచ్చమాంబ దగ్గర మొదలుపెట్టాలి. 'నీలి మేఘాలు', 'నల్లపొద్దు' ఒకే పాఠంలో ఉండాలి. జయప్రభ కవిత, సుభద్ర కవిత జంటగా బోధించాలి. కారంచేడు, రమీజాబీ, దూబగుంట స్త్రీల పోరాటాల అధ్యాయంలోకి రావాలి. మరియామా బా, ఎమెచెటా, ఐదూ నవలలు తెలుగు విద్యార్థి చేతికి అందాలి. వాళ్లను ఉదహరించేవాళ్లు ముందు వాళ్లను చదవాలి.

ఇది కొత్తగా కనిపెట్టాల్సిన పద్ధతి కాదు. 1993లో మొదలై, బాగ్‌లింగంపల్లి కేంద్రంగా కొండవీటి సత్యవతి సంపాదకత్వంలో సాగిన 'భూమిక' పత్రిక దళిత, ముస్లిం రచయిత్రులకూ మిగతావాళ్లకూ ఒకే పుటల్లో చోటిచ్చింది. అదే సంస్థ 2006లో హింసకు గురైన స్త్రీల కోసం హెల్ప్‌లైన్ కూడా పెట్టింది. అలాంటి చోటికి ఫోన్ చేసే స్త్రీలందరిదీ ఒకే బాధలా వినిపించినా ఒకరికి పోలీసు స్టేషన్ దారి తెరిచి ఉంటుంది, ఇంకొకరికి కులం పంచాయితీ అడ్డుపడుతుంది, మరొకరికి పుట్టిల్లే ఉండదు. ఎవరికి ఏ దారి మూసుకుపోయిందో తెలియకుండా సాయం చెయ్యడం కుదరదు. స్త్రీవాదంలోని భిన్న దృక్పథాలు చేసే పని ఇదే. ఏ స్త్రీ ఎక్కడ చిక్కుకుందో అవి చూపిస్తాయి. ఆ చూపును చీలిక అని పిలిచేవాళ్లు కోరే ఐక్యతలో ఎక్కువమంది స్త్రీలకు చోటు లేదు. కాబట్టి ఆ వాదం చరిత్రగానూ చెల్లదు, న్యాయంగానూ చెల్లదు.